కాంపౌండరు గారి పొట్లాలు

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున్న తాడేపల్లిగూడెం నుంచి ఫోను వచ్చింది. మాట్లాడింది కాంపౌండరు గారి కూతురు. "నాన్నగారు వెళ్లిపోయారండి. నిన్న మధ్యాహ్నం భోంచేసి పడుకున్నారు, మళ్లీ లేవలేదు" అంది. నేనేదో అన్నాను. ఏమన్నానో గుర్తు లేదు. వంటింట్లోకి వెళ్లి అమ్మకి చెప్పాను. బియ్యం ఏరుతున్న అమ్మ చేట పక్కన పెట్టేసి, "ఆయన లేకపోతే ఇవాళ నేనెక్కడుండేదాన్నే" అంది.

మీలో చాలామందికి ఆయన తెలిసి ఉండరు. మండవల్లి దగ్గర మా రొయ్యల కంపెనీలో ఫస్ట్ ఎయిడ్ గది చూసేవారు. అంతకుముందు చింతలపూడి వైపు సర్కారు ఆసుపత్రుల్లో ముప్ఫై ఏళ్లు కాంపౌండరుగా చేసి రిటైరయ్యారట. మా దగ్గర ఆయనకి పెద్దగా పని ఉండేది కాదు. రొయ్యల పొట్టు ఒలిచే ఆడవాళ్లకి ముల్లు గుచ్చుకుంటే మందు రాసేవారు, ఐసులో నానిన వేళ్లకి ఆయింట్‌మెంట్ ఇచ్చేవారు. ఖాళీగా ఉన్నప్పుడు పాత న్యూస్ పేపర్లని చదరంగా కత్తిరించి, పొడి మందు కోసం కట్టినట్టు పొట్లాలు మడిచేవారు. అప్పటికే అలా పొడులు పొట్లాల్లో ఎవరూ ఇవ్వడం లేదు. "చేతికి అలవాటైపోయిందమ్మా, ఊరుకోదు" అనేవారు నవ్వుతూ.

సూపర్‌వైజర్లు "ఏయ్, ఇటు రా" అని పిలిచే ఆడవాళ్లని ఆయన ఒక్కరే "అండీ" అనేవారు. "టిఫిన్ చేశారా అండీ? చెయ్యకుండా వచ్చి ఐసులో చేతులు పెడితే ఎలాగండీ?" అని అడిగితే, వాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సిగ్గుపడేవారు.

నేను గేటు పక్కన టైమ్ ఆఫీసులో హాజరు రాసే గుమాస్తాని. లాక్‌డౌన్ సడలించి కంపెనీ తెరవమన్నాక మా ఇద్దర్నీ గేటు దగ్గర నిలబెట్టారు. కొల్లేటి ఊళ్ల నుంచి ఆడవాళ్లని తెచ్చే బస్సులు పొద్దున్నే వరసగా వచ్చి ఆగేవి. ఆయన నుదుటికి మిషను పెట్టి జ్వరం చూడడం, నేను రిజిస్టరులో రాయడం. మొదటి రోజే పదిమందికి జ్వరం చూపించింది. వాళ్ల మొహాలు తెల్లబోయాయి. ఒకావిడ అక్కడే ఏడుపు మొదలుపెట్టింది. ఆయన వాళ్లని ఇంటికి పంపలేదు. "బస్సులో ఎండ తగిలే వైపు కూర్చున్నారా అండీ?" అని అడిగి, షెడ్డు నీడలో పావుగంట కూర్చోబెట్టి మళ్లీ చూశారు. ఎనిమిది మందికి ఏమీ లేదు. మిగతా ఇద్దర్నే ఇంటికి పంపారు.

మర్నాటి నుంచి ఆయన ఇంకో పని మొదలుపెట్టారు. ఒంట్లో బాగున్నవాళ్లని కూడా కొందర్ని "అలా కాసేపు కూర్చోండి" అని నీడలోకి పంపేవారు. ఒకరోజు సెక్యూరిటీ ఆఫీసర్ని, ఇంకోరోజు ప్యాకింగ్ ఇన్‌ఛార్జిని. ఎందుకండీ అని అడిగాను. "ఒక్కళ్లనే కూర్చోబెడితే ఊరంతా తెలిసిపోద్దమ్మా. సాయంత్రానికి ఆ ఇంటికి నీళ్లు పోసేవాళ్లు కూడా ఉండరు" అన్నారు. అప్పట్లో అలాగే ఉండేది మరి. జబ్బు కంటే ఆ పేరుకే జనం ఎక్కువ భయపడేవారు.

మూడో వారంలో ఐసు సెక్షన్‌లో పనిచేసే ఒకాయన చనిపోయాడు. నాలుగు రోజుల ముందు వరకూ రోజూ మా గేటులోంచే లోపలికి వెళ్లాడు. రిజిస్టరు తీసి చూశాను. ఆయన పేరుకి ఎదురుగా నా చేతిరాతలో వరసగా నార్మల్, నార్మల్ అని ఉంది. తర్వాత వాళ్లావిడ చెప్పిందట, పనికి రానివ్వరేమోనని రోజూ జ్వరం తగ్గే మాత్ర వేసుకుని వచ్చేవాడని. ఆ రోజు కాంపౌండరు గారు అన్నం తినలేదు. క్యారియరు మూత కూడా తియ్యలేదు. సాయంత్రం వెళ్లేటప్పుడు ఒక్కమాట అన్నారు. "మిషను నార్మల్ అంది. నేనూ నార్మల్ అన్నాను."

రెండు రోజుల తర్వాత పొద్దున్నే ఒక పళ్లెం నిండా కాగితపు పొట్లాలు పెట్టుకుని గేటు దగ్గరికి వచ్చారు. జ్వరం చూశాక ఒక్కొక్కరికీ ఒక పొట్లం ఇచ్చి, దూరంగా జరిగి, మాస్కు దించి వాసన చూసి ఏముందో చెప్పమనేవారు. కొన్నింట్లో కాఫీ పొడి, కొన్నింట్లో ఒట్టి బియ్యప్పిండి. మడతలో తేడా ఆయనకే తెలుసు. "అన్నింట్లో కాఫీ పొడే పెడితే, ముందావిడ చెప్పింది విని వెనకావిడా కాఫీ అనేస్తుందమ్మా" అని నాకు చెప్పారు. ఈ జబ్బు వచ్చినవాళ్లలో కొందరికి వాసన తెలియదని అప్పటికి అందరూ అనుకుంటున్నారు.

అదే రోజున నేను కూడా మాత్ర వేసుకుని వచ్చాను.

ఇది ఇన్నాళ్లూ ఎక్కడా రాయలేదు. అంతకుముందు సాయంత్రం నుంచి ఒళ్లు నొప్పులు. పొద్దున్న అమ్మ పోపు పెడుతుంటే పక్కనే నిలబడ్డాను, నాకేమీ తెలియలేదు. జలుబు అనుకున్నాను. అనుకోవాలనుకున్నాను. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. మానేస్తే నా కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెడతారు. ఇంట్లో నేనూ అమ్మా తప్ప ఎవరూ లేరు. అమ్మకి ఆయాసం. ఏ మొహం పెట్టుకుని గేటు దగ్గర నిలబడ్డానో ఇప్పుడు తలుచుకుంటే చెయ్యి ఆగిపోతుంది.

మూడో బస్సు వచ్చింది. ఆ బస్సు ఆడవాళ్లకి పెద్దదిక్కు ఒకావిడ, అందరూ పెద్దక్క అనేవారు. అందరికీ జ్వరం చూస్తే నార్మల్. పెద్దక్క పొట్లం వాసన చూసి, "కాఫీ అండి" అంది.

"సరిగ్గా చూడండమ్మా."

"ఆయ్, కాఫీయేనండి. ఘుమఘుమలాడిపోతంది."

ఆయన పొట్లం మడతకేసి చూసి ఆవిణ్ణి నీడలోకి పంపారు. ఆవిడ తర్వాత ఇంకో ఏడుగురు అలాగే నీడలోకి వెళ్లారు. ఆయన మిషను జేబులో పెట్టేసుకుని, "ఈ బస్సు వెనక్కి వెళ్లిపోవాలమ్మా. అందరూ ఒకే బస్సులో గంటసేపు కూర్చుని వచ్చారు" అన్నారు.

ఆ మాట లోపలికి ఎలా వెళ్లిందో, ప్రొడక్షన్ మేనేజరు గారు పరుగులాంటి నడకతో వచ్చారు. ఆ సాయంత్రం కంటైనరు కదలాలి. ఒలవాల్సిన సరుకు ఇంకా సగం అలాగే ఉంది.

"టెంపరేచర్ ఎంత?" అన్నారు.

"నార్మలేనండి. కానీ వీళ్లలో కొందరికి వాసన తెలియట్లేదండి సార్."

"మీరు డాక్టరా?"

"కాదండి."

"మరి? మనకి చెప్పింది టెంపరేచర్ చూడమని. చూశారు. నార్మల్. కాఫీ పొడి వాసన చూపించమని ఏ ఆర్డరులో ఉంది?" నా వైపు తిరిగారు. "ఏమ్మా, రాయి. అందరికీ నార్మల్ అని రాసి లోపలికి పంపు."

ముప్ఫై మంది ఆడవాళ్లు నా పెన్నుకేసి చూస్తున్నారు. నా చెయ్యి రిజిస్టరు మీద ఉంది. రాసేద్దామనే అనుకున్నాను. దాచుకోవడం ఎందుకు, నేను రాసేసేదాన్నే.

"ఒక్క నిమిషం అండి సార్" అన్నారు కాంపౌండరు గారు. "పొద్దుట్నుంచి అందర్నీ చూశాను గానీ ఈ అమ్మాయిని చూడలేదు. చూసేస్తానండి." పళ్లెంలోంచి ఒక పొట్లం తీసి నాకిచ్చారు.

పక్కకి జరిగి, మాస్కు దించి వాసన చూశాను. లోపలికి గాలి వెళ్తోంది, అంతే. "కాఫీ పొడండి" అన్నాను.

ఆయన నా మొహంలోకి ఒకసారి చూశారు. "విప్పమ్మా" అన్నారు, నాకు మాత్రమే వినబడేలా.

విప్పాను. తెల్లటి పిండి.

ఆయన మేనేజరు గారికేసి తిరగలేదు, నా పేరెత్తలేదు. చేతులు వెనక్కి కట్టుకుని బస్సుకేసి చూస్తూ నిలబడ్డారు. నేను ఆ పొట్లం మళ్లీ మడిచేసి ఉంటే ఆ విషయం మా ఇద్దరి మధ్యే ఉండిపోయేది. ఆయన ఏం చేసేవారో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా, ఆ రిజిస్టరులో ఐసు సెక్షన్ ఆయన పేరు పక్కన ఉన్న నా చేతిరాత.

"సార్, నాకు వాసన తెలియట్లేదండి. పొద్దున్న మాత్ర వేసుకుని వచ్చానండి" అన్నాను.

మేనేజరు గారు ఒక్కసారిగా వెనక్కి నాలుగడుగులు వేశారు. అప్పుడు నీడలోంచి పెద్దక్క లేచింది. "మేమూ ఏసుకునే వచ్చామండి. రాకపోతే మా చోటు పోద్దని బయవండి" అంది. ఇంకొకావిడ తల దించుకుని అవునంది. ఆ తర్వాత ఎవరూ ఏమీ దాచలేదు.

బస్సు వెనక్కి తిరిగిపోయింది. నన్నూ ఇంటికి పంపేశారు. బయల్దేరుతుంటే కాంపౌండరు గారు నా దగ్గరికి వచ్చి, "ఇంటికెళ్లి వేరే గదిలో ఉండు. అమ్మ చేత పొద్దున్నా సాయంత్రం ఒక్క ఊపిరిలో అంకెలు చెప్పించు. ఎంతదాకా వచ్చిందో నాకు ఫోన్ చెయ్యి" అన్నారు. తిడతారేమోనని చూశాను. తిట్టలేదు. దానికే ఎక్కువ ఏడుపొచ్చింది.

పరీక్షల్లో నాకూ, ఆ బస్సులో చాలామందికీ జబ్బు ఉందని తేలింది. అమ్మకీ అంటింది, నా వల్లే. మొదటి రోజు తలుపు అవతలి నుంచి అమ్మ ముప్ఫై దాకా లెక్కపెట్టింది. మూడో రోజు ఇరవై రెండు. ఆయన రోజూ రెండు పూటలా, నేను చెయ్యకపోతే తనే చేసి అడిగేవారు. ఐదో రోజు మధ్యాహ్నం అమ్మ తొమ్మిది దగ్గర ఆగిపోయింది. తలుపు తీసి చూస్తే, పది అనడానికి నోరు తెరుస్తోంది గానీ మాట రావడం లేదు.

"ఇంక ఆగద్దమ్మా. సాయంత్రం దాకా కూడా చూడద్దు. ఇప్పుడే ఏలూరు తీసుకెళ్లిపో. బండి నేను చూస్తాను" అన్నారు. అరగంటలో అంబులెన్సు వచ్చింది. ఏలూరు ఆసుపత్రిలో డాక్టరు అమ్మని చూసి, "సాయంత్రం తెచ్చి ఉంటే చెప్పలేకపోయేవాళ్లం" అన్నారు. పన్నెండు రోజులు ఆక్సిజన్ మీద ఉండి అమ్మ నడిచి ఇంటికి వచ్చింది.

ఈలోగా కంపెనీలో ఆయన్ని గేటు నుంచి తీసేసి ఫస్ట్ ఎయిడ్ గదికే పరిమితం చేశారు. ఆ సంగతి నాకు పెద్దక్క ఫోనులో చెప్పింది. క్వారంటైన్ అయ్యాక ఆవిడ బస్సు మళ్లీ గేటు దగ్గరికి వస్తే, అక్కడ ఒక గార్డు మిషను పట్టుకుని ఉన్నాడట. ఆడవాళ్లు బస్సు దిగలేదట. "కాంపౌండరు గారు చూత్తేనే లోపలికెళ్తాం. ఆయన చూడకపోతే మా పక్కన ఎవరు నిలబడ్డారో మాకెలా తెలుత్తాది?" అన్నారట. వెనకొచ్చిన బస్సు వాళ్లూ దిగలేదు. గంట గడిచింది. చివరికి మేనేజరు గారే వెళ్లి ఆయన్ని పిలుచుకుని వచ్చారు. ఆయన రావడానికి ఒక షరతు పెట్టారట. ఒంట్లో బాగాలేదని నిజం చెప్పినవాళ్ల చోటు ఎక్కడికీ పోదని గేటు మీద రాసి అంటించాలి. అంటించారు. నేను తిరిగి వెళ్లేసరికి ఆ కాగితం ఉంది. నా కుర్చీ కూడా ఉంది.

తర్వాత రెండేళ్లకి ఆయన పని మానేసి తాడేపల్లిగూడెంలో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. ఎప్పుడు ఫోన్ చేసినా ముందు అమ్మ గురించే అడిగేవారు. ఒకసారి ధైర్యం చేసి, "ఆ రోజు నేను చెప్పకపోతే మీరు చెప్పేసేవారా అండీ?" అన్నాను. "చెప్పేవాణ్ణమ్మా. చెప్పక తప్పేది కాదు. కానీ నీ అంతట నువ్వు చెబుతావేమోనని ఓ నిమిషం ఆగాను. ఆ నిమిషం నాకు చాలా భయమేసింది" అన్నారు. ఆయనకీ భయం వేసిందని నాకు అప్పటిదాకా తెలియదు.

పెద్ద కర్మకి అమ్మా నేనూ తాడేపల్లిగూడెం వెళ్లాం. మేం వెళ్లేసరికే పెద్దక్కా, ఇంకో తొమ్మిదిమంది ఆడవాళ్లూ కొల్లేటి వైపు నుంచి ఆటోలు కట్టించుకుని వచ్చేశారు. వాళ్లెవరో ఆయన కూతురికి తెలియదు. కుర్చీలు వేయించబోతే వద్దన్నారు. పెరట్లో వంటవాళ్లు గోనెపట్టా మీద చిక్కుడుకాయలు కుప్ప పోసి ఉంచారు. వీళ్లు వెళ్లి దాని చుట్టూ కూర్చున్నారు. ఇరవై చేతులు, ఏళ్ల తరబడి పొట్టు ఒలిచిన చేతులు, ఈనె తీసి, తుంచి, పక్కన పడేస్తున్నాయి. వంటవాళ్లు పని ఆపి చూస్తున్నారు. కాసేపటికి అమ్మ కూడా వెళ్లి, పెద్దక్క కాస్త జరిగి ఇచ్చిన చోటులో మోకాళ్లు పట్టుకుని నెమ్మదిగా కూర్చుని, ఒక కాయ చేతిలోకి తీసుకుంది.