పొలాన్ని విడిపించిన గొంతు

మా లాయరమ్మ గారు పోయారని మొన్న ఉదయం గుంటూరు నుంచి ఆవిడ చెల్లెలు ఫోను చేసింది. నేను పొలంలో కలుపు తీయిస్తున్నాను. కూలీలకు పని చెప్పడం కూడా మరిచిపోయి గట్టు మీద కూర్చుండిపోయాను. ఆ గట్టు ఇవాళ నాదంటే అది ఆవిడ చలవే.

మా ఆయన స్నేహితుడితో కలిసి గుంటూరులో మిర్చి వ్యాపారం చేసేవారు. నష్టాలొచ్చి అది మూతపడింది. ఆ దిగులుతోనే ఆయన పోయారు. తర్వాత అద్దంకి దగ్గరున్న మా పత్తి పొలం మీద పంట రుణానికి వెళితే, ఆ వ్యాపారం కట్టని పన్ను కింద ప్రభుత్వం దాన్నీ ఆయన ఆస్తిగానే లెక్కగట్టి జప్తు చేసిందని బ్యాంకులో చెప్పారు. వెనకాలే వేలం నోటీసు వచ్చింది.

మా మరిది ఒక బ్రోకరును మాట్లాడాడు. "వదినా, ఎంతో కొంత ముట్టజెబితే జప్తు తీసేస్తారంట," అన్నాడు. నాకు మనసొప్పక, తెలిసినవాళ్లు చెప్పగా లాయరమ్మ గారి దగ్గరికి వెళ్లాను.

గొంతుకు ఆపరేషనై ఆవిడ మాట గుసగుసలాగే వచ్చేది. పక్కన ఫ్లాస్కులో వేణ్నీళ్లు పెట్టుకుని గుక్క గుక్క తాగుతూ మాట్లాడేవారు. ఈవిడ నా తరఫున ఏం వాదిస్తారా అనుకున్నాను.

"అమ్మాయ్, ఈ పొలం నీకెవరిచ్చారు?"

"మా అమ్మండి. పెళ్లికి ముందే నా పేర రిజిస్టరు చేయించింది."

"వ్యాపారంలో నీకు వాటా ఉందా?"

"లేదండి. ఇల్లు మాత్రం ఆయన పేరునే ఉంది, దాన్నీ జప్తు చేశారు. అదీ నాదేనని చెబుదామాండీ?"

ఆవిడ తల అడ్డంగా ఊపారు. "ఆయన ఆస్తి మీద బాకీ ఉంది, వాయిదాల్లో కడదాం. నీది కానిది నీదంటే, పొలం సంగతీ ఎవరూ నమ్మరు." బ్రోకరు మాట ఎత్తితే, "ఆ దారిన తీయిస్తే రేపు అదే దారిన మళ్లీ పెట్టిస్తారు," అన్నారు.

ముందు వేలం మీద స్టే తెచ్చారు. తర్వాత పన్నుల అధికారి ముందు విచారణ. గదిలో ఫ్యాను గరగరలాడుతోంది, గుమాస్తాలు కబుర్లలో ఉన్నారు. ఆవిడ లేచి మొదలుపెట్టారు.

"వినపడట్లేదండి, కాస్త గట్టిగా చెప్పండి," అన్నాడు అధికారి.

"ఇంతకంటే గట్టిగా రాదండి," అన్నారావిడ, ఏమాత్రం చిన్నబుచ్చుకోకుండా.

ఆయన ఒక్క క్షణం చూసి ఫ్యాను ఆపించాడు. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. గుమాస్తాల మాటలు ఆగిపోయాయి. ఆ ఉక్కలో చెమటలు కారుతున్నా ఎవరూ కదల్లేదు.

"ఈవిడ బాకీ ఎగ్గొట్టడానికి రాలేదండి. ఇంటి మీద ఉన్నది కడతారు. పొలం మాత్రం వాళ్లమ్మ ఇచ్చింది. ఆ వ్యాపారానికీ దానికీ సంబంధం లేదు."

అంత సన్నటి మాటకు అంత బలం ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

పొలం మీద జప్తు ఎత్తేస్తూ ఉత్తర్వు వచ్చింది. ఇంటి బాకీ నెమ్మదిగా తీర్చుకున్నాను. మనసులో ఆవిడకు దణ్ణం పెట్టుకోని రోజు లేదు.

ఉత్తర్వు అందిన వారంలోనే, "నీ పొలం చూడాలమ్మాయ్," అంటూ ఆవిడ కోర్టు నుంచి నేరుగా బస్సెక్కి వచ్చారు. కాయలు పగిలి చేను తెల్లగా ఉంది. నల్లకోటుతోనే సాళ్ల మధ్య ఆ చివరి దాకా నడిచి వచ్చారు. కోటు నిండా దూది అంటుకుంది. దులపబోతే నా చెయ్యి పట్టుకుని ఆపారు. భుజాల మీద ఆ తెల్లటి పింజలతోనే గుంటూరు బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చున్నారు.