ఇల్లు లేపిన రోజు

మాది కోట దగ్గర ఊరు. రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోయేసరికి మా ఇల్లు పల్లంలో పడింది. గట్టి వాన వస్తే నీళ్ళు వంటింట్లోకి వచ్చేవి.

"జాకీలు పెట్టి ఇళ్ళు లేపతా ఉండారంట. మనమూ లేపిద్దామండీ" అని నా భార్య రెండేళ్ళు అడిగింది.

"పొద్దున్నే నిన్ను లేపేదానికే నా తలప్రాణం తోకకొస్తా ఉంది. ఇంక ఇల్లు కూడానా?" అని నవ్వేసేవాణ్ణి.

కిందటి తుఫానుకు వంటింట్లో ఆ నీళ్ళలోనే ఆమె జారిపడింది. తుంటి విరిగింది. నెల తిరక్కుండానే పోయింది.

ఆ తర్వాత పనివాళ్ళను పిలిపించాను. పునాది దగ్గర గోడలు కొంచెం కొంచెంగా తొలిచి, వరసగా జాకీలు పెట్టారు. మేస్త్రి ఈల వేస్తే అందరూ ఒకేసారి తిప్పాలి. ఈల వేసే ముందు అతను అరిచాడు.

"సార్, లేపతా ఉండాం! లోపల ఎవురన్నా ఉండారా?"

"ఉండప్పా, మా ఆవిడ నిద్రపోతా ఉంది. లేపుకొస్తా" అంటూ లోపలికి నడిచాను.

పడకగదిలో మంచం కూడా లేదు. సామానంతా ముందురోజు నేనే బయట పెట్టించాను. కాసేపటికి మేస్త్రి వచ్చి, "రాండి సార్" అని చెయ్యి పట్టుకున్నాడు. బయట ఒక్కరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

ఇల్లు మూడడుగులు లేచింది. గోడకు బీట కూడా పడలేదు. ఈ ఏడాది వానలకు నీళ్ళు రెండో మెట్టు దగ్గరే ఆగిపోయాయి.

పని ఇంత తేలికని నాకు తెలియదని చెప్పుకోవడానికి కూడా లేదు. ఆమె రెండేళ్ళు చెప్పింది.