డమాస్కస్ కుర్చీ

ఈ ఉదయం ఒమాన్‌లోని షినాస్‌లో మా కొత్త కుట్టు దుకాణం షట్టర్ ఎత్తి, నీలం కుర్చీకి చుట్టిన కవరు చించగానే గుప్పున వాసన కొట్టింది. ఎండకు కాగిన కొత్త ప్లాస్టిక్ వాసన. అంతే, నేను షినాస్‌లో లేను. చిన్నప్పుడు ఘుబ్రాలో మేం అద్దెకున్న బిల్డింగ్ డాబా మీద, నీళ్ల ట్యాంకులకూ డిష్ యాంటెన్నాలకూ మధ్య రెండు జడలు ఎగురుతుండగా దౌడు తీస్తున్నాను. ఎదురుగా రాజేశం సార్ విజిల్ ఊదుతూ గంతులు వేస్తున్నారు.

సార్‌ది మా జగిత్యాలే. ఘుబ్రాలో ఒక ఇండియన్ స్కూల్లో సోషల్ చెప్పేవారు, మా కింది అంతస్తులో ఉండేవారు. శుక్రవారం సెలవు కదా, పొద్దున్నే బిల్డింగ్‌లోని పిల్లలందరినీ డాబా ఎక్కించేవారు. కూర్చుని చరిత్ర చెప్పడం ఆయనకు చేతకాదు. యుద్ధం వచ్చేసరికి లుంగీ మోకాళ్ల పైకీ, గొంతు పక్క బిల్డింగ్ దాకానూ వెళ్లేవి. పెద్దమనిషికి ఈ అల్లరేమిటని అమ్మ ముక్కున వేలేసుకునేది. నాకు మాత్రం ఆయనంటే ప్రాణం.

ఆ చలికాలం ఆయనకు ఉమయ్యద్ వంశం పిచ్చి పట్టింది. మొదటి నలుగురు ఖలీఫాల తర్వాత డమాస్కస్‌లో గద్దెనెక్కి, అటు స్పెయిన్ దాకా, ఇటు సింధు దాకా పాకిన వంశం. డాబా నడుమ నీలం ప్లాస్టిక్ కుర్చీ వేసి అదే డమాస్కస్ అన్నారు. మెట్ల దగ్గరి ట్యాంకు సింధు. ఏసీ డబ్బాలున్న చివరి మూల స్పెయిన్. అడ్డంగా పోయే లావు పైపు సముద్రం, దానికి కాలు తగిలితే మునిగినట్టే. ఆ రాజులకు వార్తలు మోసేవాళ్లు దారిలో గుర్రాలు మార్చుకుంటూ పరుగెత్తేవారట. ఆ గుర్రాలం మేమే. కుర్చీ చుట్టూ రాజ్యం పొలిమేరగా సార్ గీసే సుద్దగీత వెడల్పయ్యే కొద్దీ మా కేకలు మిన్నంటేవి.

ఒకరోజు ట్యాంకు చూసుకోవడానికి పైకొచ్చిన బిల్డింగ్ యజమాని, ఒమానీ పెద్దాయన, గీతను తేరిపార చూసి హిందీలో అడిగారు.

"మా ఒమాన్ ఎక్కడుంది మాస్టారూ?"

సార్ గీత లోపల ఆరేసిన దుప్పటి చూపించారు. "ఉమయ్యద్‌లు ఇక్కడికీ సైన్యం తెచ్చారు కదండీ."

"తెచ్చారు. మేం అంత తేలిగ్గా లొంగలేదని కూడా పిల్లలకు చెప్పండి."

సార్ నవ్వుతూ చెంపలేసుకుని, దుప్పటి దగ్గర గీతను చెరిపి వంకర తిప్పి గీశారు. పెద్దాయన తృప్తిగా కిందికి దిగారు.

ఆ రోజుల్లోనే నాన్న పనిచేసే కంపెనీ మూతపడింది. రుస్తాఖ్‌లో ఒక చిన్న కాంట్రాక్టరు దగ్గర పని దొరికింది కానీ, ఘుబ్రా ఇల్లు ఖాళీ చేయాలి. "ఆ ఊర్ల మనకెవరున్నరు? పిల్లను జగిత్యాలకు తోలుదాం, అమ్మమ్మ కాడ ఉంటది" అంది అమ్మ. అమ్మానాన్నలను వదిలి వెళ్లాలనేసరికి నాకు అన్నం సహించలేదు.

ఆ శుక్రవారం స్పెయిన్ వార్త మోసే వంతు నాది. ఊపిరి బిగబట్టి పరుగెత్తాను, పైపు మీంచి ఒక్క దూకు దూకాను, డాబా నడుమకు చేరాను. కుర్చీ లేదు! సార్ దాన్ని నెత్తిన పెట్టుకుని నిలబడి ఉన్నారు.

"నువ్వు ఉరుకుతుంటె ఈడ వంశం కూలింది బిడ్డా. కొత్తోళ్లు గెలిచిన్రు. డమాస్కస్‌ల నీకు గద్దె లేదు. ఇప్పుడేం జేస్తవ్?"

అందరూ కిసుక్కున నవ్వారు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది, దాని వెనకే కోపమూ వచ్చింది. సార్ నెత్తిమీది కుర్చీ లాక్కుని, వచ్చిన దారినే పరుగెత్తి, పైపు దాటించి, స్పెయిన్ మూలలో దబ్బున వేశాను.

"ఈడేస్త సార్!"

మరుక్షణం విజిల్ మోత!

"అరె, గట్లనే అయింది! ఆ వంశంల పానం దక్కించుకున్న పిలగాడొకడు సముద్రం దాటి పోయి స్పెయిన్లనే గద్దె ఏసిండు! నీకెవరు జెప్పిన్రు బిడ్డా?"

ఎవరూ చెప్పలేదు. నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టి డాబా డాబా అంతా చప్పట్లు కొట్టించారు. ఆ ఊపులోనే ఇంటికి దిగి, "అమ్మా, నన్ను తోలకు. రుస్తాఖ్‌లనే కుర్చీ ఏస్కుందాం" అన్నాను. అమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నా వెనకే వచ్చిన సార్ జరిగిందంతా చెప్పి, "పిల్ల తొవ్వ జూపెడుతున్నది, జర ఇనున్రి" అన్నారు. నాన్న చాలా రోజుల తర్వాత నవ్వారు. అమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది.

సామాను ఎక్కించిన పికప్ మీద ఆ కుర్చీని సార్ స్వయంగా తాడేసి కట్టారు. రుస్తాఖ్‌లో మొదట దిగింది అదే. అమ్మ దాని మీదే కూర్చుని ఇరుగుపొరుగు ఆడవాళ్లకు బట్టలు కుట్టడం మొదలుపెట్టింది. మా దుకాణం అట్లా పుట్టింది. రిటైరై జగిత్యాల వెళ్లాక కూడా సార్ ఫోన్ చేస్తే ముందు క్షేమం అడిగేవారు కాదు. "గద్దె యాడిదాక పాకింది బిడ్డా?" అనేవారు. రుస్తాఖ్‌లోనే ఉందంటే, "గుర్రాలు పండుకున్నయా?" అని ఏడిపించేవారు. నిరుడు ఆయన పోయారు.

"అక్కా, మిషన్లు దిగనే లేదు, ముందే కుర్చీనా? యాడ ఎయ్యమంటావ్?" కడప నుంచి వచ్చి నా దగ్గర కుట్టుపని చేస్తున్న లక్ష్మీదేవి అడిగింది.

"నడుమ వెయ్యి."

వేసింది. వెళ్లి కూర్చున్నాను. ఖాళీ గోడలు మారుమోగేలా గట్టిగానే అన్నాను.

"షినాస్ దాకా పాకింది సార్!"