బొజ్జ తీసిన తోపడ

పాత సామాన్లు అమ్మే యాప్‌లో ఆ ఫొటో కింద ఇంగ్లీషు అక్షరాల్లో రెండే మాటలు ఉన్నాయి: "తోపడ. పాతది." వడ్రంగులు చెక్కకు చిత్రిక పట్టే పనిముట్టు అది. నూనె తాగి నల్లబడ్డ తుమ్మచెక్క దిమ్మ, మధ్యలో చెక్క చీలతో బిగించిన ఇనుప బ్లేడు. ఫొటో పైనుంచి తీశారు కాబట్టి అడుగు కనబడలేదు. నేను చేసిన వెధవపని అంతా ఆ అడుగులోనే ఉంది.

నేను ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేస్తాను. సాయంత్రం ఎవరైనా "ఇవాళ ఏం చేశావు" అని అడిగితే చూపించడానికి ఏమీ ఉండని ఉద్యోగం. అందుకని ఆర్నెల్లకోసారి నాకు చేతులతో ఏదైనా చెయ్యాలనిపిస్తుంది. గిటారు అయింది, పులిసిన పిండితో బ్రెడ్డు అయింది, ఈసారి చెక్క వంతు వచ్చింది. వీడియోల్లో తోపడ నడుస్తుంటే చెక్క మీద నుంచి ఉల్లిపొర లాంటి చుట్టలు లేస్తాయి. రెండు వారాలు వాటిని చూస్తూనే అన్నం తిన్నాను. చివరికి నా చదువుకునే బల్ల నేనే చేసుకోవాలని తీర్మానించుకున్నాను. నేను చదువుకోవడం మానేసి చాలా కాలమైంది. అది వేరే సంగతి.

తోపడ అమ్మే ఇల్లు బొమ్మనహళ్ళిలో, ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీ వెనక సందులో ఉంది. వరండాలో ఒక పెద్దావిడ కుట్టుమిషను తొక్కుతోంది. ఆమె దేనిమీద కూర్చుందో నేను చూడలేదు. మనిషి లేస్తే గాని స్టూలు కనబడదు. అప్పుడే కనబడి ఉంటే నాకు చెప్పుకోవడానికి ఏమీ మిగిలేది కాదు.

ఆమె భర్త, వడ్రంగి మేస్త్రి, తోపడను ఎడమచేత్తో అందించాడు. కుడిచెయ్యి ఎదదాకా లేచి ఆగిపోతోంది. నలభై ఏళ్ళు తోసిన భుజం, ఇక చాలని చెప్పేసిందట.

"ముందెప్పుడైనా తోపడ పట్టినావా అప్పా?" అని అడిగాడు.

"పట్టలేదు అంకుల్. కానీ అంతా తెలుసు. వీడియోలు చూశాను."

మిషను ఆగింది. "వీడియో చూసి ఈత గూడ నేర్చుకుంటారంట ఇప్పుడు," అంది పెద్దావిడ దారం తెంపుతూ.

మేస్త్రి నవ్వలేదు. "దీని అడుగు ఉండాది చూడు..." అని మొదలుపెట్టాడు.

"తెలుసంకుల్. పాత తోపడకి ముందు అడుగే సరిచెయ్యాలి. నేను చూసుకుంటాను."

ఆయన తెరిచిన నోరు మూసేశాడు. తెలిసినవాడికి మళ్ళీ చెబితే బాగుండదనుకున్నాడట.

తర్వాత మూలన ఉన్న ఒక స్టూలు చూపించాడు. కాళ్ళు బిగించి ఉన్నాయి, రంగు వెయ్యలేదు, కూర్చునే పలక చదునుగా ఉంది. "ఇది మా పాపకి. ఈ ముందర ఫ్యాక్టరీలోనే కుడతాది. పొద్దన్నించి కూర్చునే పని. ఆడ ఇచ్చే స్టూలు మీద నడుము పోతాండాది. పలక పని మిగిలుండంగానే నా భుజం పాయె. నువ్వు తోపడ బాగు చేసుకున్నాక ఒకసారి రా. ఈ పలక మీద తోసి పో. నేను పక్కన కూర్చోని చెప్తా. అదొక్కటే నేను అడిగేది."

తప్పకుండా వస్తానన్నాను. పలకను నున్నగా చెయ్యడమే కదా అనుకున్నాను.

రెండు శని ఆదివారాలు మా అద్దె ఇంటి మేడ మీద గడిచాయి. బ్లేడు తుప్పు వదలగొట్టాను. చీలకు కొత్త చెక్క చెక్కాను. అది మూడోసారికి సరిపోయింది. తర్వాత అడుగు. తిప్పి చూస్తే మధ్యలో పడవ అడుగులా ఉబ్బి ఉంది. నేలమీద పెడితే ఊయలలా ఊగింది. పాపం, ఎన్నేళ్ళు వాడారో, ఇంత వంకరపోయింది అనుకున్నాను. వంటింటి గ్రానైటు ముక్క మీద గరుకు కాగితం అంటించి, అడుగంతా పెన్సిలు గీతలు గీసి, గీతలన్నీ చెరిగేదాకా రుద్దాను. తుమ్మచెక్క అంత తేలిగ్గా లొంగదు. నేనూ లొంగలేదు. నా జీవితంలో పట్టుదలగా పూర్తి చేసిన పనుల్లో అదొకటి. బ్లేడు అంచు కూడా గుండ్రంగా ఉంటే, దాన్నీ తిన్నగా నూరేశాను. చివరికి అద్దం మీద పెట్టి చూశాను. కాగితం కూడా దూరలేదు. ఫొటో తీసి చూసుకుని మురిసిపోయాను.

తర్వాతి ఆదివారం పాత తువ్వాల్లో చుట్టి తీసుకెళ్ళాను. పాప కూడా ఇంట్లో ఉంది. పాపంటే ముప్పై ఏళ్ళ మనిషి, నడుముకు చెయ్యి ఆనించి నిలబడింది. మేస్త్రి తోపడను ఒళ్ళో పెట్టుకుని అరచేత్తో అడుగును నిమిరాడు. ముందునుంచి వెనక్కి. మళ్ళీ ముందునుంచి వెనక్కి.

"బొజ్జ యాడికి పాయె?"

"ఏ బొజ్జ అంకుల్?"

"దీనికి అడుగున బొజ్జ ఉండె కద."

"అది అరుగుదల అనుకుని తీసేశాను."

ఆయన తోపడను తిరగేసి నా ముందు పెట్టాడు. "అరిగితే గుంత పడతాది అప్పా. బొజ్జ పెరుగుతాదా?"

నేను ఇంజనీరింగు చదివాను. నాలుగేళ్ళు.

అప్పుడు పెద్దావిడ మిషను దగ్గర్నుంచి లేచింది. స్టూలు కనబడింది. పలక మధ్యలో అన్నం పళ్ళెం అంత వెడల్పున పల్లం, ఎక్కడా అంచు తెలియని పల్లం. "ఆ బొజ్జ తోసిన గుంతలోనే ఇరవై ఏండ్లు కూర్చున్యా నేను," అంది.

ఆమె కూడా ఆ ఫ్యాక్టరీలోనే కుట్టేదట. సాయంత్రాలు నడుము వంచుకునే ఇంటికి వచ్చేది. చదును తోపడతో గుంత తొయ్యడం కుదరదు కాబట్టి, మేస్త్రి తానే ఒక తుమ్మదిమ్మ తీసుకుని, అడుగున బొజ్జ పెట్టి, బ్లేడు గుండ్రంగా నూరి, ఆ స్టూలు కోసమే ఈ తోపడ చేశాడు. అలాంటిది కొట్లో దొరకదు. ప్రపంచంలో ఒకటే ఉంది. దాన్ని నేను గ్రానైటు మీద రుద్దాను.

"ఆన్‌లైన్లో మంచి కుర్చీ తెప్పిస్తాను," అన్నాను పాపతో.

"చక్రాలుండేదా అన్నా? అది తీసుకుపోతే మా సూపర్‌వైజరు నన్ను గూడ దానిమీదనే బయటికి తోస్తాడు." నవ్వింది. నవ్వి, మూలన ఉన్న తన చదును స్టూలు వైపు చూసింది. "పోనీలే నాయనా," అంది తండ్రితో. "సొల్ప దూది వేసుకుని కూర్చుంటా."

తిట్టేవాళ్ళ ముందు నాకు ఎప్పుడూ ఏదో ఒక జోకు దొరుకుతుంది. పోనీలే అనేవాళ్ళ ముందు మాత్రం ఆ తువ్వాలే దొరికింది. తువ్వాలు మడత పెట్టాను. విప్పి మళ్ళీ మడత పెట్టాను.

మేస్త్రి మాత్రం భార్య స్టూలునే చూస్తున్నాడు. "పోనీలే ఏంది. గుంత ఉండాది కద," అన్నాడు. "అప్పుడు బొజ్జ గుంతని చేసె. ఇప్పుడు గుంత బొజ్జని చేస్తాది."

"నా స్టూలు జోలికి వస్తే చూడు. శుక్రవారానికి ఆరు జాకెట్లు ఇయ్యల్ల నేను," అంది పెద్దావిడ. అంటూనే దారాలు తెంపే బ్లేడుతో నీలం సుద్దముక్కను గీరి, పొడి పొట్లం కట్టి ఆయన చేతిలో పెట్టింది. బట్టల మీద గీతలు గీసే సుద్ద అది.

ఆ పొడిని ఆమె స్టూలు గుంతలో పూసేవాళ్ళం. తోపడ అడుగును అందులో ఆనించి కదిపితే, తగిలినచోట నీలం అంటుకునేది. మొదట నాలుగు మూలల్లోనే అంటుకుంది. నీలం ఉన్నచోటల్లా గాజుపెంకుతో గీకడం నా పని. బొటనవేలితో తడిమి "ఇంగా ఉండాది" అనడం ఆయన పని. మళ్ళీ పొడి, మళ్ళీ గీకుడు. నేను రుద్దిపారేసిన చెక్క తిరిగి రాదు కాబట్టి, చుట్టూ దింపుకుంటూ వస్తే మధ్యలో బొజ్జ మిగలాలి. అలా దింపేకొద్దీ బ్లేడు బయటికి వచ్చే సందు వెడల్పయింది. ఆ నోటికి ఒక చిన్న తుమ్మముక్క అతికించాం. నేను తిన్నగా నూరిన బ్లేడును మళ్ళీ గుండ్రంగా నూరాం. మూడు ఆదివారాలు పట్టింది. ఆ మూడు ఆదివారాలూ పెద్దావిడ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కుట్టింది, కుడుతున్నంతసేపూ కుర్చీని తిట్టింది. కుర్చీనేనా అని నాకు అనుమానం ఉంది.

మూడో ఆదివారం సాయంత్రం అడుగంతా నీలంగా వచ్చింది. మేస్త్రి రెండుసార్లు నిమిరి, పాప స్టూలును మా మధ్యకు లాగాడు.

నేను తోశాను. మొదటి తోపు ఇరుక్కుపోయింది. ఆయన ఎడమచెయ్యి నా మోచేతి కింద పెట్టాడు. "భుజంతో తోయద్దు, నడుముతో తొయ్యి. నా మాదిరి అయిపోతావు," అన్నాడు. నడుముతో తోశాను. వీడియోల్లోలా ఉల్లిపొరలు రాలేదు. కారప్పూస ముక్కల్లాంటివి రాలాయి. వాటిని నేను ఒక డబ్బాలో దాచుకున్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు.

చీకటి పడేలోపు పలకలో పల్లం తేలింది. పాప కూర్చుంది. అటూ ఇటూ కదిలి చూసుకుంది. మేము ముగ్గురం ఆమె నడుము వైపు చూస్తున్నాం.

"బాగుండాది," అంది. "కానీ ఎడమ పక్క సొల్ప పల్లం ఎక్కువ."

"మీ అమ్మ అట్లనే కూర్చుంటాది. ఎడమకి ఒరిగి," అన్నాడు మేస్త్రి. "గుంత ఆ పక్క అరిగుండాది. అది గూడ బొజ్జలోకి వచ్చేసింది."

మిషను ఆగింది. "నేను ఎట్ల కూర్చుంటానో ఇరవై ఏండ్లకి కనపడింది ఈయప్పకి," అంది పెద్దావిడ. ఆ మాటలో కోపం ఎంతో నాకు అందలేదు.

మేస్త్రి తోపడను నా చేతిలో పెట్టాడు. "కుడి పక్క ఇంగ నాలుగు తోపులు తోయప్పా. సరి అయిపోతాది."

"వద్దులే నాయనా. ఉండనీ," అంది పాప.

నేను తోపడ పట్టుకుని నిలబడ్డాను. ఆమె లేస్తే గాని తొయ్యడం కుదరదు. ఆమె లేవలేదు.