రెండు దారులు కలిసిన చోట

మిర్యాలగూడ బస్సులో పక్క సీటాయన ఒళ్లో పెట్టుకున్న చెక్కపెట్టె మూల నా మోచేతికి గుచ్చుకుంటుంటే కసురుకున్నాను.

“భూమిల నీళ్ల జాడ కొలిచే మిషనక్కా. కింద పెడితే కుదుపులకు ఖరాబైతది,” అన్నాడు.

గరిడేపల్లి దగ్గర ఒక చేనును నిలువునా, అడ్డంగా కొలిచారట. ఆ రెండు కొలత దారులూ కలిసిన చోట నీళ్ల లోతు ఒకే లెక్క రావాలి. రాలేదట.

“రెండూ కలిపి సగం జేస్తే ఖతం గదా!” అన్నాను.

“మా సారు గూడ గదే అన్నడు. ఒకటన్న నిజముంటది గదక్కా. సగం జేస్తే అదీ పాయె. ఆ లెక్క సూసే రైతు బాయి తవ్వుతడు.”

“సారు మాట కాదంటే నౌకరి ఉంటదా?”

“సూడాలె,” అని పెట్టె ఎత్తుకుని, మళ్లీ కొలవడానికి ఎర్రటి ఎండలో గరిడేపల్లిలో దిగిపోయాడు.

ఇప్పటికీ ఇంట్లో ఎవరు తగువు తెచ్చినా, తప్పు ఇద్దరిదీ చెరిసగమని తీర్పు చెప్పను; ఎవరిదో తేల్చందే వదలను. గయ్యాళినన్న పేరు దాంతోనే వచ్చింది.