నలభై అక్షరాల వరుస

షావుకారు గారికి కంప్యూటర్ అక్షరాలు ఆనేవి కావు. ఎనభైల చివర్లో, నూజివీడులో ఆయన మామిడికాయల కమీషన్ కొట్టుకి కొత్తగా కంప్యూటర్ వచ్చింది. లైబ్రరీలో కంప్యూటర్ పుస్తకం చదివానని చెప్పుకుని నేనక్కడ గుమాస్తానయ్యాను.

“చీమల బారులా ఉన్నాయి. నువ్వు చదివి పెడితేనే గానీ నాకు తెలీదా?” అన్నారొక రోజు.

ఆ పుస్తకం ఇంటికివ్వరు. అక్కడే కూర్చుని ఒక పేజీ నోటుబుక్కులోకి ఎక్కించుకొచ్చాను. మోడ్ అని కొట్టి పక్కన నలభై వేస్తే, వరుసకి ఎనభై అక్షరాలు పట్టే తెర నలభైకి మారుతుంది. అక్షరాలు రెండింతలు వెడల్పవుతాయి. మర్నాడు ఆయన పేరే కొట్టి చూపించాను.

“చదువంటే ఇదయ్యా,” అన్నారు. నా కాళ్లు నేల మీద లేవు.

గంపల నోళ్లు కుట్టేసి ఉంటాయి కాబట్టి మాకు లిస్టే ఆధారం. ఒక్కో వరుసలో ఒక తోట పేరు, దాని కాయ చేరాల్సిన ఊరు ఉంటాయి. షావుకారు గారు పైకి చదువుతుంటే ముఠా మేస్త్రీ లారీకెక్కిస్తాడు. గట్టి పచ్చికాయ నాగపూర్‌కి, రంగు తిరిగింది బెజవాడకి. ఆ రోజు లిస్టు కూడా పెద్ద అక్షరాల్లోనే తెర మీద పెట్టి నేను టీకి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి నాగపూర్ లారీకి తాళ్లు బిగిస్తున్నారు. పైన ముసునూరు తోట చీటీలున్న గంపలు. అవి రంగు తిరిగిన కాయలు. నాగపూర్ చేరేలోపే కుళ్లిపోతాయి. తెర దగ్గరికి పరిగెత్తాను. ప్రతి వరుసా సగానికి విరిగి, చేరాల్సిన ఊరి పేరు కిందికి దిగింది. లిస్టు రెండింతలై, మొదటి వరుసలో తోట పేరున్న సగం తెర పైనుంచి జారిపోయింది. ఇప్పుడు తెర మీద మొట్టమొదటి మాట నాగపూర్. దాని కింద ముసునూరు. ఆయన ఆ రెండూ కలిపి చదివేశారు.

చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే లారీ పోతుంది.

“లారీ ఆపండి. తప్పు నాదండీ,” అన్నాను.

మేస్త్రీ తాడు వదిలేశాడు. “మళ్లీ దించాలా లైబ్రరీ బాబుగారూ? మా నడుముల సంగతి మీ పుస్తకంలో లేదా?”

షావుకారు గారు నవ్వలేదు. “ఇలా విరుగుద్దని అందులో రాయలేదా?”

“రాసే ఉంటుందండీ, తర్వాత పేజీలో. నేనొక్క పేజీయే ఎక్కించుకొచ్చాను.”

గంపలన్నీ దించేదాకా ఆయన లారీ పక్కనే నిలబడ్డారు.

“అక్షరాలు చిన్నవి చెయ్యొద్దు,” అన్నారు చివరికి. “విరక్కుండా వరుసే కురచ చెయ్యి. లైబ్రరీ ఎన్నింటికి మూస్తారు?”

“ఏడింటికండీ.”

“మరింకా ఇక్కడేం చేస్తున్నావ్?”