తాళానికి వేలాడిన గొడుగు

మొన్న తొలకరి పడిన రోజున విజయనగరంలో బజారు నుంచి ఇంటికొస్తుంటే, నా మడత గొడుగు ఒక్క గాలికి వెనక్కి తిరగబడి ఊచ ఒకటి విరిగి చేతిలోకొచ్చింది. నిరుడు కొన్నది, పట్టుమని నాలుగు వానలు చూడలేదు కదా అని కొన్న దుకాణానికే పట్టుకెళ్లి చూపిస్తే, అక్కడి అమ్మాయి దాన్ని ముట్టుకోకుండానే ఇలాంటివి ఎవరూ బాగుచెయ్యరు మేడం, పారేసి కొత్తది తీసుకోండి అంది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, ఆమె పుట్టేనాటికే గొడుగులు బాగుచేసేవాళ్లు చాలామంది తలుపులు మూసేశారు. అయినా నాకెందుకో మనసు చివుక్కుమంది. తడుస్తూనే ఇంటికి నడిచాను. నడిచినంతసేపూ మా బావ పక్కనే వస్తున్నట్టనిపించింది.

బావ అంటే మా అక్క భర్త. ఆమదాలవలసలో స్టేషనుకు వెళ్లే దారిలో ఆయనకో చిన్న గొడుగుల షాపు ఉండేది. వానాకాలం గొడుగులు, మిగిలిన కాలమంతా తాళాలు, టార్చిలైట్లు బాగుచేసేవాడు. రైలు దిగిన జనం ఆ షాపు ముందునుంచే ఊళ్లోకి నడవాలి గనుక, వచ్చేపోయేవాళ్లందరినీ వరసలు పెట్టి పిలిచి ఏదో ఒకటి అని నవ్వించకుండా పోనిచ్చేవాడు కాదు. నాన్న పోయాక, టీచరు ట్రైనింగు అయిన నేను ఉద్యోగం వెతుక్కుంటూ అక్క ఇంటికొచ్చి ఉన్న రోజులవి. మా ఊళ్లో అమ్మ ఒక్కతే నా ఉద్యోగం కబురు కోసం ఎదురుచూస్తూ ఉండేది. అది రాకపోతే నేను తిరిగి వెళ్లి అమ్మ పక్కన పొలం పనికి దిగడం తప్ప వేరే దారి లేదని ఇంట్లో అందరికీ తెలుసు.

షాపు బావ బతుకుతెరువే గాని, ఆయన ప్రాణమంతా నాగావళి ఒడ్డున ఉండేది. ఏ మలుపులో లోతెంతో, ఏ రాయి కింద జెల్ల చేపలు దాక్కుంటాయో ఆయనకి తన అరచేయిలా తెలుసు. ఆదివారమైతే చాలు, గిన్నెలు, బియ్యం సైకిలుకి కట్టి అక్కనీ నన్నూ ఏటి ఒడ్డుకి బయల్దేరదీసేవాడు. మూడు రాళ్లు పెట్టి, ఇసకలో అన్నం వండి, ఆకుల్లో వడ్డించి, ఈలోగా చెట్టుమీది పిట్టలతో ఈలవేసి మాట్లాడేవాడు. పిట్ట తిరిగి కూస్తే మురిసిపోయి, "సూసినావా మరదలా, మీ అక్క కంటే నయం, పిలిస్తే పలుకుతాది" అనేవాడు. అక్క గరిటె చూపించేది. ఆ ఇసక మీద తిన్న అన్నంలో పంటి కింద రాయి పడినా రుచిగానే ఉండేదని ఇప్పటికీ నా నమ్మకం.

కానీ ఆయన షాపుకీ ఆయన ఏటికీ ఏడాదికోసారి పెద్ద తగవొచ్చేది. తొలకరి గట్టిగా పడిన రోజున కొండలమీంచి ఎర్రటి కొత్తనీరు దిగుతుంది, ఆ నీటికి చేపలు ఎదురెక్కుతాయి. సరిగ్గా ఆ రోజే ఊరుఊరంతా అటకల మీంచి చిరిగిన గొడుగులు దింపి బావ షాపుకి మోసుకొస్తుంది. ఏ షాపువాడైనా ఆ రోజు కోసం ఏడాదంతా కాచుక్కూర్చుంటాడు. బావ మాత్రం ఆ రోజే షాపు మూసేవాడు. తలుపుకి తాళం వేసి, ఆ తాళానికి ఒక చిరిగిన పాత గొడుగు వేలాడదీసి పోయేవాడు. అది చూసి ఊరివాళ్లు "ఏటికెల్లిపోనాడ్రా" అనుకుని నవ్వుకుంటూ, తడుస్తూ వెనక్కి తిరిగేవారు. అక్క మాత్రం నవ్వేది కాదు, ఆ చిరుగు గొడుగు తన కాపురం మీద వేలాడుతున్నట్టే బాధపడేది.

ఆయనకి ఇంకో పద్ధతి ఉండేది. బాగుచేసిన గొడుగుని నిజమైన వానలో తను పట్టుకుని నడిచి చూడందే ఎవరికీ ఇచ్చేవాడు కాదు. గుడ్డ అతికినంతమాత్రాన గొడుగవదని, వాన ఒప్పుకోవాలని ఆయన వాదన. ఈ పద్ధతే నా కొంప ముంచబోయింది.

నాకు ఉద్యోగం ఇస్తానన్న బడి హెడ్మాస్టరుగారు తన పాత గొడుగుని బాగుచెయ్యమని బావకే ఇచ్చారు. నల్లగుడ్డ, వంపు తిరిగిన చెక్కపిడి, పిడి మీద ఆయన పేరులోని పొడి అక్షరాలు. ఆయన ఇంట్లో నీచు అన్న మాట కూడా పలకని మనిషి. సోమవారం వచ్చి చేరమని నాకు చెప్పారు. శనివారం మధ్యాహ్నం తొలకరి విరుచుకుపడింది. బావ తాళం వేశాడు, చిరుగు గొడుగు వేలాడదీశాడు, ఈ వాన పరీక్షకి పనికొస్తుంది కదా అని, బాగుచేసి ఉంచిన హెడ్మాస్టరుగారి గొడుగు పట్టుకుని ఏటికి పరుగెత్తాడు. ఆ తొందరలో చేపల బుట్ట మరచిపోయాడు.

ఆ ఏడు చేపలు మునుపెన్నడూ లేనంతగా ఎదురెక్కాయట. చొక్కా మూటగట్టినా చాలక, చివరికి గొడుగుని తిరగేసి అందులో నింపుకుని, తలమీద పెట్టుకుని ఈలవేసుకుంటూ ఊళ్లోకొచ్చాడు. అప్పుడే షాపు దాకా వెళ్లి, తాళం చూసి, నిలువునా తడిసి వెనక్కొస్తున్న హెడ్మాస్టరుగారు ఎదురయ్యారు. ముందు ఆయన తన పిడిని గుర్తుపట్టారు, తరవాత దాంట్లో ఉన్నదేమిటో చూశారు. బావ, "బాబూ, మీ గొడుగు వానకి ఆగినాది, నేను సూసినాను" అన్నాడట. హెడ్మాస్టరుగారు తడుస్తూనే ఇంటిదారి పట్టారు.

బావ ఇంటికొచ్చి, దాచకుండా ఉన్నదున్నట్టు చెప్పాడు. అక్క పొయ్యి దగ్గర్నుంచి లేచి నిలబడింది. అమ్మ ముఖం నా కళ్లముందు కదిలింది. ఆ పూట ఇంట్లో చేపల పులుసు వండలేదు, అన్నీ ఇరుగుపొరుగుకి పంచేసింది అక్క. అప్పుడు బావ చేయి లాక్కుని తన నెత్తిన పెట్టుకుంది.

"మావా, ఇంక తొలివానకి ఏటికెల్తే నామీద ఒట్టు. ఆ పిల్ల బతుకు సూడు. నీకు నవ్వులాటే, మాకు కాదు."

బావ అలాగేనని తలూపాడు. నాకు తెలిసి ఆయన ఎగతాళి చెయ్యకుండా ఒప్పుకున్న మాట అదొక్కటే.

ఆదివారమంతా ఆ గొడుగుతోనే కూర్చున్నాడు. గుడ్డ మార్చాడు, ఊచలు శీకాయతో కడిగాడు. కర్రలోకి వాసన దిగిందని దాన్ని తీసేసి, తన గొడుగు కర్ర ఊడదీసి, ఆ పాత పిడిని దానికి అమర్చాడు. సోమవారం పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని హెడ్మాస్టరుగారి గుమ్మం ముందు నిలబడ్డాడు. నేను వెనకాల ఒదిగి నించున్నాను. హెడ్మాస్టరుగారు గొడుగు విప్పారు, ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు, ఊచలన్నీ ఒక్కొక్కటిగా తడిమారు. తరవాత లోపలివాళ్లకి వినపడకుండా గొంతు తగ్గించి, "ఇంతకీ ఎన్ని పట్టాయోయ్ ఇందులో?" అని అడిగారు.

"ఇరవైమూడు, బాబూ. ఒక్క ఊచా వంగలేదు."

హెడ్మాస్టరుగారి పొట్ట ముందు కదిలింది, నవ్వు తరవాత వచ్చింది. నన్ను చూసి, బడికి వేళవుతోంది, ఇక్కడేం చేస్తున్నావమ్మా అన్నారు. నా ఉద్యోగానికి ఏ ప్రమాదమూ రాలేదు. ఒట్టు మాత్రం అలాగే ఉండిపోయింది.

మరుసటి ఏడు తొలకరికి షాపు తెరిచే ఉంది. జనం వరస కట్టారు. అక్క పొంగిపోయింది. ఆ పై ఏడూ అంతే. కానీ నెమ్మదిగా మాకిద్దరికీ అర్థమవుతూ వచ్చింది, బావ ఈల వెయ్యడం మానేశాడని. ఆదివారాల్లో ఏటికి వెళ్లే మాట మేమెత్తితే తప్ప ఎత్తేవాడు కాదు. వచ్చేపోయేవాళ్లని పిలిచి పలకరించడం తగ్గిపోయింది. అందరు షాపువాళ్లలాగే తలవంచుకుని పని చేసుకునేవాడు. నా నెలజీతంతో అమ్మ కుదుటపడింది, నేను నాలుగు మంచి చీరలు కట్టుకున్నాను, కాని ఆయన ముఖం చూసినప్పుడల్లా దొంగతనం చేసినట్టు ఉండేది నాకు. అక్కతో ఒక్క మాట చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉందిలే అనుకున్నాను. ఆ పిరికితనానికి ఇప్పటికీ సిగ్గుపడుతూ ఉంటాను.

మూడో ఏడు తొలకరి రోజున బడి ముందే వదిలేస్తే, అక్కతో కలిసి బావకి అన్నం పట్టుకెళ్లాను. వాన దబదబా కురుస్తోంది. బావ షాపు లోపలే, గుమ్మం దాటకుండా, బాగుచేసిన గొడుగుని విప్పి పట్టుకుని దానిమీద చెంబుతో నీళ్లు పోస్తున్నాడు. బయటికి వెళ్తే కాళ్లు ఏటివైపు పోతాయని భయం కాబోలు. చినుకులు గుమ్మంలోకి కొడుతున్నాయి, ఆయన మాత్రం ఆ చెంబునీళ్లు కారడమే చూస్తున్నాడు. అక్క కారియరు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమె కళ్లలో నీళ్లు నేను చూశాను.

తరవాత అక్క ఎదురుగా ఉన్న బుట్టలవాళ్ల దగ్గరికి వెళ్లి, మూతున్న వెదురుబుట్ట ఒకటి కొనుక్కొచ్చింది. అది ఆయన ఒళ్లో పెట్టింది.

"ఒట్టు తీసి గట్టుమీద ఎట్టీసినాను, ఎల్లు మావా. బుట్ట మాత్రం మరిసిపోకు."

బావ ఆమె ముఖంలోకి చూసి, నాకేసి చూసి, చెంబు కింద పెట్టాడు. వరసలో ఉన్న జనం ఏమనుకున్నారో గాని, ఆయన వీధి మలుపు తిరిగేసరికి ఈల వినపడింది. తాళానికి చిరుగు గొడుగు కట్టింది అక్కే. కట్టి, దాన్ని సర్ది, నవ్వింది.

తరవాత ఎన్నో తొలకరులు గడిచాయి. నాకు పెళ్లయి విజయనగరం వచ్చేశాను. ఆరేళ్ల కిందట, ఒక వేసవి చివర, ఆకాశంలో మబ్బు కూడా లేని రోజుల్లో బావ వెళ్లిపోయాడు. ఆఖరి వారమంతా కిటికీ వైపే చూస్తూ, "మబ్బేసినాదేటి?" అని అడిగేవాడు. లేదని చెప్పలేక అక్క, వస్తాదిలే మావా అనేది.

ఆయన పోయిన ఇరవై రోజులకి తొలకరి వచ్చింది. నేనింకా అక్క దగ్గరే ఉన్నాను. అక్క పొద్దున్నే లేచి షాపుకి పదమంది. ఆయన బాగుచెయ్యకుండా వదిలేసిన గొడుగులు తిరిగి ఇచ్చెయ్యడానికేమో అనుకున్నాను. షాపు తెరవనే లేదు. ఉన్న తాళాన్ని ఒకసారి లాగి చూసి, చీర చెంగు చాటునుంచి ఆ చిరుగు గొడుగు తీసి తాళానికి కట్టింది. కట్టి, రెండడుగులు వెనక్కి వేసి, సరిగ్గా వేలాడుతోందా అని చూసుకుంది. రోడ్డు మీద పోతున్న ఒక ముసలాయన ఆగి దాన్ని చూసి, తలపాగా తీసి చేత పట్టుకుని, వానలోనే కాసేపు నిలబడి వెళ్లాడు.

ఇప్పుడక్కడ ఫోన్లు రీచార్జి చేసే షాపుంది, వానైనా ఎండైనా తెరిచే ఉంటుంది. నాగావళిలో కొత్తనీరు వచ్చినా, ఇసక తోడేసిన గోతుల్లోనే ఆగిపోతుందట. అన్నీ దొరుకుతున్నాయి, ఏ దుకాణమూ మూసి ఉండటం లేదు, ఎవరూ ఏ వానకోసమూ ఎదురుచూడటం లేదు. నేనూ మొన్న కొత్త గొడుగు కొనేశాను. అయినా విరిగినదాన్ని పారెయ్యలేకపోయాను. సాయంత్రం మళ్లీ చినుకులు పడితే, దాన్ని తీసుకెళ్లి మా గేటు తాళానికి వేలాడదీశాను. ఈ వీధిలో ఎవరికీ అర్థం కాదని తెలుసు. కాసేపటికి అక్కకి ఫోను చేసి, ఈ పూట నేను ఇంట్లో లేనే, ఏటికెళ్లాను అన్నాను. అక్క, "బుట్ట పట్టికెల్లినావా?" అంది.